మాల్టా పోతున్నారా? ముందు ఆ దేశం లెక్కలు చదవడం నేర్చుకోండి

ఏజెంటు చేతిలో పెట్టే కాగితంలో జీతం ఉంటుంది, వసతి ఉంటుంది, వీసా ఎన్ని వారాల్లో వస్తుందో ఉంటుంది. అక్కడ జనం ఎంతమంది, వాళ్లలో ముసలివాళ్లు ఎంతమంది, ఏ జబ్బుతో ఎక్కువగా పోతున్నారు, మనకే ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడ చూపించుకోవాలి అనేవి మాత్రం ఉండవు. హనుమకొండలో నేను కమ్యూనిటీ హెల్త్ క్లాసు చెప్పే నర్సింగ్ పిల్లల్లో ఈమధ్య మధ్యధరా సముద్రంలోని ఆ చిన్న దీవుల దేశం, మాల్టా పేరెత్తని బ్యాచ్ లేదు. జగిత్యాలలో ఉండే మా చెల్లెలి బిడ్డకు కూడా అక్కడ ఒక వృద్ధాశ్రమంలో కేరర్ ఉద్యోగం వచ్చింది. "వదినా, ఆ దేశంల జనం మంచిగ బతుకుతరా?" అని మా మరిది ఫోన్ చేసి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు లెక్కల్లో ఉంటుంది, కానీ ఒక్క అంకెలో ఉండదు. రిటైర్ అయ్యేదాకా నా పని అదే కదా: సబ్‌సెంటర్ల రిజిస్టర్లు తిరగేయడం, ఏఎన్ఎంలు రాసిన జననాలు, మరణాలు కూడడం, తేడా వస్తే మళ్లీ ఊరి మీదికి పంపడం. ఆ పద్ధతిలోనే మాల్టాను చదివి చూపిస్తాను. దేశం పేరు మార్చుకుంటే సైప్రస్‌కైనా, స్లోవేనియాకైనా ఇదే దారి.

లెక్కలు దొరికేది మూడు చోట్ల. మాల్టా ప్రభుత్వానికి నేషనల్ స్టాటిస్టిక్స్ ఆఫీస్ ఉంది. జనాభా లెక్కలు, పుట్టుకలు, చావులు అక్కడ. యూరప్ యూనియన్ (ఈయూ) దేశాలన్నింటినీ ఒకే కొలతతో చూపించేది యూరోస్టాట్. ఆరోగ్యం గురించి ఒక్కో దేశానికి చిన్న పుస్తకంలాంటి కంట్రీ హెల్త్ ప్రొఫైల్ రెండేళ్లకోసారి వస్తుంది. మూడూ ఉచితమే, ఫోన్లో తెరుచుకుంటాయి. మాల్టాలో మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాషే, కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. యూట్యూబ్‌లో "మాల్టా లైఫ్" అని వీడియోలు పెట్టేవాళ్లు చెప్పే అంకెలను నేను పట్టించుకోను. అవి ఏ సంవత్సరానివో వాళ్లకే తెలియదు.

ఏ అంకె రాసుకున్నా పక్కన సంవత్సరం రాసుకోవాలి. ఇది చాదస్తం కాదు. మాల్టా జనాభా 2011 సెన్సస్‌లో 4,17,432. 2021 సెన్సస్‌లో 5,19,562. 2023 చివరికి ఆఫీసు అంచనా 5,63,443. పాత వెబ్‌సైట్ చూసినవాడు నాలుగు లక్షలంటాడు, కొత్తది చూసినవాడు ఐదున్నర దాటిందంటాడు, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఇప్పుడు విస్తీర్ణం. మాల్టా మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. మన గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ 400 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంటే కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిపిన మన నగరంకన్నా ఆ దేశం చిన్నది. 2021 జనాభాను 316తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 1,644 మంది. ఈయూ దేశాల్లో ఇంత ఇరుకైనది ఇంకోటి లేదు. పిల్లలు దీనికి భయపడతారు. భయం అక్కర్లేదు, గ్రేటర్ వరంగల్ 2011లోనే 8 లక్షలు దాటింది, మనది దాదాపు 2,000. ఆ మాత్రం జనం మనకు కొత్తేం కాదు. తేడా ఏమిటంటే వరంగల్ చుట్టూ పొలాలున్నాయి, వాగులున్నాయి, గోదావరి నీళ్లు వస్తాయి. మాల్టా చుట్టూ సముద్రం. నది అన్నది ఒక్కటి కూడా లేదు. నల్లా నీళ్లలో సగంకన్నా ఎక్కువ సముద్రపు నీటిని రివర్స్ ఆస్మాసిస్‌తో శుద్ధి చేసినవే. మన ఊళ్లో ఆర్వో ప్లాంటు ముందు క్యాన్‌తో నిలబడినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

పెరిగింది ఎవరు?

అన్నింటికన్నా ఎక్కువ సేపు కూర్చోవాల్సిన చోటు ఇది. జనాభా పెరిగిందంటే మన పిల్లలు వెంటనే "జననాల రేటు ఎక్కువ మేడం" అంటారు. మాల్టాలో అది పూర్తిగా తప్పు.

2011 నుంచి 2021కి జనాభా పెరిగింది 1,02,130. అదే సెన్సస్ పుస్తకాల్లో విదేశీయుల వరుస చూడండి. 2011లో 20,289 మంది, 2021లో 1,15,449 మంది. అంటే విదేశీయులే 95,160 మంది పెరిగారు. మొత్తం పెరుగుదలలో వందకు తొంభై మూడు పాళ్లు బయటి నుంచి వచ్చినవాళ్లే. 2011లో ఇరవై మందిలో ఒకరు విదేశీయులు, పదేళ్లకు ఐదుగురిలో ఒకరికి మించిపోయారు. వాళ్లలో ముందు వరుసలో ఇటలీవాళ్లు, బ్రిటిష్‌వాళ్లు, ఆ తర్వాత మనవాళ్లే, ఇండియన్లు. ఈ లెక్కకు కాలిక్యులేటర్‌లో రెండు తీసివేతలు చాలు. ఏ ఏజెంటూ చేసి చూపించడు.

ఇంకో వరుస స్త్రీ, పురుషులది. 2021లో మాల్టాలో మగవాళ్లు వందకు 52 మంది, ఆడవాళ్లు 48 మంది. మనం రాసుకునే పద్ధతిలో వెయ్యి మంది మగవాళ్లకు ఆడవాళ్లు 923 దగ్గర వస్తుంది. ఇదే అంకె మన దేశంలో కనిపిస్తే గర్భంలోనే ఆడపిల్లల్ని తీసేస్తున్నారేమోనని స్కానింగ్ సెంటర్ల మీద పడతాం. మాల్టాలో కారణం అది కాదు. పనికోసం వచ్చినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, అంతే.

అనుమానముంటే మన 2011 సెన్సస్ తీయండి. తెలంగాణ మొత్తానికి వెయ్యి మంది మగవాళ్లకు 988 మంది ఆడవాళ్లు. పాత కరీంనగర్ జిల్లాలో 1,008. పాత నిజామాబాద్‌లో 1,040. దీన్ని చూసి "నిజామాబాద్‌లో ఆడపిల్లలకు గౌరవం ఎక్కువ" అని ఒక మీటింగ్‌లో ఒకాయన ఉపన్యాసమే ఇచ్చాడు. ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల వైపు ఇంటింటి సర్వేకి వెళ్లినవాళ్లను అడిగితే తెలిసేది. ఇంటి యజమాని పేరు రాస్తాం, ఎక్కడున్నాడంటే దుబాయ్ అంటారు, మస్కట్ అంటారు. అతన్ని ఇక్కడి లెక్కలో కలపం. నిజామాబాద్‌లో తగ్గిన మగవాళ్లు ఇంకెక్కడో పెరుగుతారు కదా. మాల్టా లాంటి దేశాల పుస్తకంలో ఎక్కువ కనిపిస్తున్నవాళ్లు ఏదో ఒక జిల్లా పుస్తకంలో తక్కువ పడ్డవాళ్లే. అందుకే దేశం చిన్నదైనకొద్దీ స్త్రీ పురుష నిష్పత్తిని, వయసును, స్వదేశీ విదేశీ వరుసను పక్కపక్కన పెట్టి చదవాలి. విడివిడిగా చదివితే మూడూ మోసం చేస్తాయి.

పిల్లల లెక్క కూడా ఇక్కడే చూసేయండి. ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు అన్నదాంట్లో మాల్టా 2023లో 1.06. యూరప్ యూనియన్‌లో అందరికన్నా అట్టడుగున ఉంది. తెలంగాణ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.8 దగ్గర. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రేటు కట్టేటప్పుడు కింద వేసే సంఖ్యలో అక్కడ నివసిస్తున్న 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లందరూ వస్తారు, పిల్లల్ని కేరళలోనో మనీలాలోనో వదిలి వచ్చిన నర్సులు, కేరర్లు కూడా. వాళ్ల పిల్లలు పైసంఖ్యలో ఉండరు. మాల్టా అమ్మాయిలు పిల్లల్ని తక్కువగానే కంటున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ 1.06 మొత్తాన్నీ వాళ్ల ఖాతాలోనే వేయడం న్యాయం కాదు.

చావుల రేటు ఎక్కువైతే ఆరోగ్యం తక్కువా?

క్లాసులో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. మన దేశంలో 2020 శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కల ప్రకారం వెయ్యి మందికి ఏడాదికి 6 మరణాలు. మాల్టాలో ఏడాదికి 4 వేల చిల్లర మంది పోతారు, వెయ్యికి ఏడెనిమిది పడుతుంది. మరి మాల్టా మనకన్నా జబ్బు దేశమా? ఆయుర్దాయం చూస్తే అక్కడ 83 ఏళ్ల చుట్టూ, మన దగ్గర 70 చుట్టూ.

కిటుకంతా వయసులో ఉంది. అక్కడ 65 దాటినవాళ్లు ఐదుగురిలో దాదాపు ఒకరు. ముసలివాళ్లు ఎక్కువున్న ఊళ్లో చావులు ఎక్కువే ఉంటాయి, ఎంత మంచి ఆసుపత్రి పక్కనున్నా. గల్ఫ్ దేశాల్లో ఈ రేటు మరీ తక్కువ కనిపిస్తుంది, అక్కడ ఉన్నదంతా పని చేసే వయసువాళ్లు కాబట్టి. జబ్బు పడి, వయసు మీదపడి ఇంటికి వచ్చాక వాళ్ల మరణం మన గ్రామ పంచాయతీ రిజిస్టర్‌లో పడుతుంది. కాబట్టి రెండు దేశాలను పోల్చాలంటే ఆయుర్దాయం చూడండి, లేదా వయసు తేడాను సరిచేసిన మరణాల రేటు చూడండి. యూరోస్టాట్‌లో దొరుకుతుంది.

మా చెల్లెలి బిడ్డకు ఉద్యోగం వచ్చింది కూడా ఈ వయసు వల్లే. ముసలివాళ్లు పెరిగారు, పిల్లలు తగ్గారు, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. కోవిడ్ తర్వాత అక్కడి విదేశీ నర్సులు చాలామంది బ్రిటన్‌కు వెళ్లిపోయారు. ఖాళీలు అట్లా వచ్చినవే. జీతం బేరమాడేటప్పుడు ఇది తెలిసి ఉండటం మంచిది.

ఇక శిశు మరణాలు. మాల్టాలో వెయ్యికి 5 అటూ ఇటూ ఉంటుంది, ఈయూ సగటు 3 చిల్లర. అంత డబ్బున్న దేశంలో ఎందుకు ఎక్కువ? రెండు కారణాలు పట్టుకోవాలి. ఒకటి, సంఖ్య చిన్నది. ఏడాదికి పుట్టేదే 4,400 దగ్గర. వెయ్యికి 5 అంటే 22 మంది బిడ్డలు. ఒక ఏడాది ఇంకో ఆరుగురు పోతే రేటు ఒక్కసారిగా 6 దాటుతుంది. పేపరువాళ్లు "భారీ పెరుగుదల" అని రాస్తారు. సబ్‌సెంటర్‌లో మాకు ఇది ప్రతి ఏడాదీ ఉండే తలనొప్పి. వంద కాన్పులున్న చోట ఇద్దరు బిడ్డలు పోతే వెయ్యికి 20, పై ఏడు ఎవరూ పోకపోతే సున్నా. మొదటి ఏడు ఏఎన్ఎంకు మెమో, రెండో ఏడు సన్మానం. రెండింటికీ అర్థం లేదు. చిన్న దేశానికి ఎప్పుడూ ఐదేళ్లవి కలిపి సగటు తీయండి.

రెండోది చట్టం. మాల్టాలో గర్భస్రావం మీద ఈయూలోకెల్లా గట్టి నిషేధం ఉంది. 2023లో తల్లి ప్రాణానికి ప్రమాదమున్నప్పుడు మాత్రం చట్టంలో సడలింపు ఇచ్చారు. మిగతా దేశాల్లో స్కానింగ్‌లో తీవ్రమైన లోపం కనిపిస్తే చాలామంది గర్భం తీయించుకుంటారు, అది శిశు మరణాల లెక్కలోకి రాదు. మాల్టాలో ఆ బిడ్డ పుడుతుంది, కొన్ని గంటల్లోనో రోజుల్లోనో పోతుంది, లెక్కలోకి వస్తుంది. పసిబిడ్డల ఐసీయూ (ఎన్ఐసీయూ) బాగాలేదని ఈ అంకె చూసి అనేయకూడదు. అక్కడికి వెళ్లే పెళ్లైన ఆడపిల్లలు ఈ చట్టం సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి, దీన్ని మొహమాటపడి దాటేయకండి.

పోల్చకూడనివి పోల్చకండి

మాల్టాకు పెద్ద సమస్య లావు. 2019 యూరప్ ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో ఊబకాయం వందకు 28.7. ఈయూ సగటు 16 చిల్లర. అందరికన్నా పైన మాల్టానే. ఈ అంకె చెప్పగానే ఒకమ్మాయి తెలంగాణ సర్వే తీసి, "మన ఆడవాళ్లలో 30.1, మగవాళ్లలో 32.3 మేడం, వాళ్లకన్నా మనమే లావు" అంది. అంకెలు సరైనవే. కానీ మన సర్వేలో ఆ వరుస బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే కొలత) 25 నుంచి మొదలు, అధిక బరువు, ఊబకాయం రెండూ కలిపి. మాల్టా 28.7 అన్నది బీఎంఐ 30 దాటినవాళ్లు మాత్రమే. వాళ్లది కూడా 25 నుంచి లెక్కేస్తే మూడింట రెండు వంతుల దగ్గరికి పోతుంది. పైగా మన సర్వేలో తూకం మిషన్ ఎక్కించి కొలుస్తారు, యూరప్ సర్వేలో మనిషి తన బరువు తానే చెప్తాడు. ఎవరైనా తన బరువు పెంచి చెప్తారా?

అక్కడి ప్రభుత్వం ఊరుకోలేదు, ఆరోగ్యకర జీవనశైలి కోసం 2016లో చట్టమే చేసింది. అయినా జున్ను కూరిన పాస్తిత్సి అనే వేడివేడి పేస్ట్రీ ప్రతి వీధిలో చవకగా దొరుకుతుంది. మన చౌరస్తా మిర్చి బజ్జీ మానమంటే మానుతామా, వాళ్లూ అంతే.

కేరర్‌గా వెళ్లేవాళ్లకు దీని అర్థం వేరు. అక్కడ ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండెజబ్బు. షుగరు కూడా ఎక్కువ. మీ చేతికి వచ్చేది బరువైన, నడవలేని, కాలికి పుండున్న షుగర్ పేషెంట్లు. మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి హాయిస్ట్ (మనిషిని ఎత్తే మిషన్) ఉందా, ఒక పేషెంటుకు ఇద్దరు కేరర్లు ఉంటారా అని ఇంటర్వ్యూలోనే అడగండి. నడుము పోయాక అడిగి లాభం లేదు. షుగరు పాదాలకు డ్రెస్సింగ్ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పోస్టింగ్ ఉన్నప్పుడే చేతినిండా నేర్చుకోండి.

సగటు ఎవరిని దాస్తుందో చూడటానికి మాల్టా చరిత్రలోనే గొప్ప పాఠముంది. అక్కడున్న బ్రిటిష్ సైనికులకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం వచ్చేది. డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు 1887లో దానికి కారణమైన క్రిమిని పట్టుకున్నాడు. అది ఎట్లా వస్తుందో మాత్రం తెలియలేదు. 1905లో మాల్టాకే చెందిన డాక్టర్ థెమిస్టోక్లెస్ జమ్మిట్ మేకల రక్తం పరీక్షించి చూశాడు. చూడ్డానికి పుష్టిగా ఉన్న మేకల్లోనే ఆ క్రిమి ఉంది, పాలలో వస్తోంది. అప్పట్లో మేకల్ని ఇంటింటికీ తోలుకెళ్లి గుమ్మం ముందే పిండి పోసేవాళ్లు. 1906లో సైన్యానికి మేకపాలు ఆపేశారు, బ్యారక్‌లలో జ్వరం పడిపోయింది. ఊళ్లోవాళ్లు మాత్రం అవే పాలు తాగుతూ వచ్చారు, వాళ్లకు జ్వరం వస్తూనే ఉంది. పాశ్చరైజేషన్ మొదలైంది 1938లో. కారణం తెలిసిన తర్వాత కూడా ముప్పై ఏళ్లు. సైన్యం లెక్క మాత్రమే చదివినవాడు "మాల్టాలో జ్వరం పోయింది" అని రాసి ఉంటాడు. అదే జ్వరం, బ్రూసెల్లోసిస్, మన గొర్లకాపరుల ఇళ్లలోనూ ఉంటుంది. మేకలు, గొర్రెలు ఉన్న ఇంట్లో జ్వరం తగ్గి తగ్గి మళ్లీ వస్తుంటే, కీళ్లు నొప్పులంటే, జీవాలున్న సంగతి డాక్టరుకు చెప్పండి. పాలు కాచి తాగండి.

ఇప్పటి మాల్టాలో అట్లాంటి రెండు వరుసలు పౌరులు, పనికి వచ్చినవాళ్లు. ప్రభుత్వ వైద్యం పన్నుల డబ్బుతో నడుస్తుంది, పౌరులకు ఉచితం. పెద్దాసుపత్రి మ్సీదాలో ఉన్న మాటెర్ దెయి, 2007లో మొదలైంది. రోజువారీ జబ్బులకు మోస్తా, ఫ్లోరియానా, పావోలా లాంటి చోట్ల హెల్త్ సెంటర్లు ఉన్నాయి. ఇవన్నీ ప్రొఫైల్‌లో అందంగా రాసి ఉంటాయి. మీరు ఏ రోజు నుంచి ఆ వరుసలోకి వస్తారన్నది మీ కాంట్రాక్టును బట్టి ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ కంట్రిబ్యూషన్ మీ పేరున కడుతున్నారా, మొదటి నెలల్లో ప్రైవేటు ఇన్సూరెన్సు ఎవరు చేయిస్తారు, అందులో ఆసుపత్రిలో చేరితే ఎంతవరకు ఇస్తారు, కాన్పుకు వర్తిస్తుందా అని మెయిల్‌లోనే అడగండి. ఫోన్లో చెప్పింది చెల్లదు.

పని గోజోలో అయితే ఇంకో ప్రశ్న. గోజో వేరే దీవి, 2021లో 39 వేల మంది. అక్కడ జనరల్ ఆసుపత్రి ఉంది గానీ పెద్ద కేసుల్ని మాటెర్ దెయికి పంపాల్సిందే, మధ్యలో 25 నిమిషాల ఫెర్రీ ఉంది. ఏటూరునాగారం నుంచి రాత్రిపూట వరంగల్‌కు కేసు పంపినవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు. ఎమర్జెన్సీ నంబరు 112. వసతి కూడా అట్లాగే అడగాలి. విదేశీయులు ఎక్కువుండే సెయింట్ పాల్స్ బే 2021లో 32 వేల మందితో దేశంలోనే పెద్ద ఊరైపోయింది. దేశం సగటు 1,644 అని మీకు తెలిసినా, మీ గదిలో ఎన్ని మంచాలో ఏ సెన్సస్ పుస్తకమూ చెప్పదు. గది ఫొటో తెప్పించుకోండి, కిటికీ కనిపించేట్టు.

టీకాల సంగతి వీసా కోసం ఆగకుండా మొదలుపెట్టండి. రక్తం, పుండ్లు ముట్టుకునే పని కాబట్టి హెపటైటిస్ బి తప్పనిసరి అనుకోండి. మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. ఆఫర్ లెటర్ రాగానే మొదలుపెడితే ప్రయాణానికి ముందు రెండైనా పడతాయి. కార్డు మీద బ్యాచ్ నంబరు, తేదీ రాయించుకుని, నర్సు సంతకం, సెంటర్ స్టాంపు ఉన్నాయో లేవో చూసుకుని, పాస్‌పోర్టు కవర్లోనే పెట్టుకోండి. మూడో డోసు అక్కడ వేయించుకునేటప్పుడు మొదట అడిగేది దాన్నే.